బోణీ మామ, ఇల్లు మారిన లిస్ప్

ఖమ్మం
2025 ఏప్రిల్ 14

తుల్సీరాం మామకు,

నీ మేనకోడలు శ్రావణి ఒక చేత్తో మిర్చి బజ్జీ, ఇంకో చేత్తో పెన్ను పట్టుకుని పెట్టే దండాలు.

"ఫోన్ల ఆఁ మామా, ఊఁ మామా అని పెట్టేస్తున్నవ్. మనిషివైతే కాయితం మీద రాయి" అని తిట్టావు కదా. అన్నేళ్లు పోస్టాఫీసు నడిపినవాడివి, నీకు కాగితం మీద లేని మాట మాటే కాదు. సరే, రాస్తున్నా. అక్షరాలు ఊగుతున్నాయి, సర్దుకుని చదువు.

నేను చేస్తున్న పనేందో చెప్పమన్నావు. మీ పామాయిల్ మిల్లు గేటు దగ్గర ముఖ్తార్ భాయ్ మైకు పట్టుకుని, ఎవరి బండి ముందు కాటా ఎక్కాలో పేర్లు పిలుస్తాడు కదా. ఆ పేర్లు అతనికి అందించే ప్రోగ్రాం రెండేళ్ల కింద నేను రాసిందే. లిస్ప్ అనే కంప్యూటర్ భాషలో రాశాను. లిస్ప్ చాలా పాతది, నేను వాడేది దాని కొత్త తరం పిల్ల. ఒళ్లంతా బ్రాకెట్లే! ఈ పిల్లకు సొంత ఇల్లు లేదు. జావా అనే పెద్దింట్లో ఉంటూ అంకెలూ, అక్షరాలూ, అరలూ అన్నీ ఆ ఇంటివాళ్లవే వాడుకుంటుంది. ఇప్పుడు మిల్లుకు కొత్త కాటా మిషన్ వస్తోంది. దానికి జావా పడదు, డాట్‌నెట్ అనే వేరే ఇల్లు కావాలి.

మేనేజర్ పద్మావతమ్మ గారు "ఆ బ్రాకెట్ల భాష వదిలేసి అందరూ రాసేదాంట్లో రాసెయ్యమ్మా" అన్నారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది మామా! ప్రోగ్రాం ఒక్కటే ఎందుకు, భాషకు భాషనే ఎత్తి కొత్త ఇంట్లో దింపుతానన్నాను. అనేశాక ఇంటికొచ్చి భయంతో రెండు ప్లేట్లు బిర్యానీ తిన్నాను. గెలలు పోటెత్తే సీజన్‌లోగా అవ్వకపోతే బయటి కంపెనీ ప్రోగ్రాం తెప్పిస్తారట.

సోమ్లి అత్తను అడిగానని చెప్పు. బజ్జీ చల్లారిపోతోంది.

ఇట్లు
నూనె వేళ్లతో నీ శ్రావణి

—

తండా, అశ్వారావుపేట మండలం
2025 ఏప్రిల్ 22

శ్రావణి బిడ్డకు,

నీ ఉత్తరం మంగళవారం పదకొండున్నరకు అందినది. కవరు మీద పిన్‌కోడ్ సరిగ్గా రాసినందుకు ముందుగా శభాష్. లోపల నూనె మరకలు మూడు చోట్ల ఉన్నవి, అవి కూడా చదివినాను.

నీ పని నాకు బాగా అర్థమైనది. పిల్ల అన్నావు గాని, అది పిల్ల కాదు బిడ్డా, ఇల్లరికపు అల్లుడు! అత్తగారింట్ల మంచం వాళ్లది, చెంబు వాళ్లది, ఆఖరికి కప్పుకునే దుప్పటి కూడా వాళ్లదే. ఇప్పుడు ఆయనను తీసుకపోయి ఇంకో ఇంట్ల ఇల్లరికం పెడుతున్నవన్నమాట. ఉప్పు డబ్బా ఎక్కడున్నదో తెలియక రాత్రింబవళ్లు తడుముకుంటాడు, చూడు. సోమ్లికి చెప్తే కడుపు పట్టుకుని నవ్వి, "ఇల్లరికపోడు ఏడ ఉన్నా కాళ్లు చాపుకునే కూసుంటడు, ఆ పిల్లను రంధి పెట్టుకోవద్దను" అన్నది.

ఇక్కడ నా హోదాకు ఏ లోటూ లేదు. తండా గెలలన్నీ నా ట్రాక్టర్ మీదే పోతాయని నీకు తెలుసు. పొద్దున గేటు తెరిచేసరికి ఎన్ని బండ్లున్నా ముఖ్తార్ మైకులో ముందు వచ్చే పేరు నాదే. రెండేళ్ల నుంచి ఒక్కనాడు తప్పలేదు. మొదటి బండివాడు కాటా మీద టెంకాయ కొట్టి బోణీ చేయడం మా మిల్లు ఆనవాయితీ కదా, అందుకే నాకు బోణీ మామ అని పేరు పడినది. బోరు వేయించేవాళ్లు, కొత్త బండి కొన్నవాళ్లు కూడా నా చెయ్యి పడాలని పిలుచుకపోతున్నారు. తిరగలేక చస్తున్నాను, కానీ బాగున్నది.

బిడ్డా, నువ్వు నా కోసం చాటుగా చేస్తున్నది నాకు తెలుసు. నలుగురికి తెలిస్తే బాగుండదని నోరు విప్పలేదు. సోమ్లికి కూడా చెప్పలేదు. మేనమామ మీద అంత ప్రేమ ఎవరికి ఉంటది ఈ కాలంల!

ఇట్లు
నీ మేనమామ
బానోత్ తుల్సీరాం
రిటైర్డ్ బ్రాంచి పోస్టుమాస్టర్, ప్రస్తుతం బోణీ మామ

—

ఖమ్మం
2025 మే 6

మామా! మామా! మామా!

లేచాడు! నీ ఇల్లరికపు అల్లుడు కొత్త ఇంట్లో లేచి కూర్చున్నాడు! లెక్కలు చేస్తున్నాడు, పేర్లు చదువుతున్నాడు, బ్రాకెట్టు మర్చిపోతే నన్నే తిడుతున్నాడు. నేను గదిలో గంతులేస్తుంటే కింద ఇంటావిడ షరీఫా ఆంటీ గరిటె పట్టుకుని పైకొచ్చి "క్యా హువా బేటీ, పామా?" అని అడిగింది. "కాదాంటీ, భాష" అన్నాను. ఆమె గరిటె దించలేదు.

ఉప్పు డబ్బా మాట నువ్వు ఊరికే అనలేదు. జావా ఇంట్లో ఒక పనికి ఒక పేరుంటే ఇక్కడ అదే పనికి ఇంకో పేరు. వెతికి వెతికి అన్నీ అమర్చాను. మే పన్నెండు, సోమవారం నుంచి మీ గేటు దగ్గర కొత్త మిషన్ మీద ఇదే నడుస్తుంది. ఒక నెల చూసి నచ్చితే ఉంచుకుంటామన్నారు పద్మావతమ్మ గారు.

నేను చాటుగా చేసేదంటావా, అదెంత పని మామా! ఇక్కడి నుంచి ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది. అమ్మకూ చేస్తా, నీకూ చేస్తా. దానికే ఇంత మురిసిపోతే ఎట్లా!

ఇట్లు
నేల మీద కాలు ఆనని శ్రావణి

—

తండా
2025 మే 16

శ్రావణి బిడ్డకు మామ దీవెనలు. కొంచెం తగ్గించి పంపుతున్నాను, ఎందుకో నీకు తెలుసు.

సోమవారం నీ కొత్త మిషన్ వచ్చినది. కొత్త చొక్కా వేసుకుని, రెండు టెంకాయలు తీసుకుని పోయినాను. ముఖ్తార్ ఒక్కొక్కరినే పిలిచిండు. అందరూ పోయినారు. ఆఖరుకు, గేటు కాడి కుక్క కూడా లేచి పోయినాక, నా పేరు వచ్చినది. మంగళవారమూ ఆఖరే. బుధవారమూ అంతే.

రాత్రి పండుకుని ఆలోచిస్తే అర్థమైనది. ఉగాదికి నువ్వు జుట్టు కత్తిరించుకుని వస్తే "కొట్టేసిన పామాయిల్ చెట్టు లెక్కున్నవ్" అన్నాను. నలుగురిల అన్నాను. అనకుండ ఉండవలసినది. ఆ కోపం మనసుల పెట్టుకుని సోమవారం చూపించినవ్. నోటితో ఒక్క మాట అనకుండా, ఎంత పద్ధతిగా! నా కోడలివి అనిపించుకున్నావు.

బుధవారం పొద్దున సోమ్లితో మామిడికాయ తొక్కు పట్టించి ఖమ్మం బస్సుల పంపినాను. గురువారం చూడు, ముఖ్తార్ నోట మొదటి పేరు నాదే! తొక్కు అందినదని అప్పుడే తెలిసినది. పోస్టాఫీసుల కూడా ఇంత జల్దీ రసీదు రాదు. కోపం పోయినందుకు సంతోషం. జుట్టు బాగనే ఉన్నది.

ఇట్లు
నీ మామ

—

ఖమ్మం
2025 మే 24

మామా,

తొక్కు అదిరింది! షరీఫా ఆంటీ సగం సీసా ఖాళీ చేసింది, నేను మిగతా సగంతో పోరాడుతున్నా. అత్త చేతులకు మొక్కానని చెప్పు.

అవును, సోమవారం మర్చిపోయాను, తప్పు నాదే. పనిలో పడి తేదీ చూసుకోలేదు. బుధవారం రాత్రి గుర్తొచ్చి నాలుక్కరుచుకుని వెంటనే చేశాను. జుట్టు మాట నాకు గుర్తే లేదు, నువ్వు చెప్తేనే ఇప్పుడు కోపం వస్తోంది!

నిజానికి ఈ వారం నా తిక్క మామూలుగా లేదు. కొత్త ఇంట్లో అల్లుడికి దయ్యం పట్టింది. పొద్దున పరీక్ష పెడితే పాసవుతాడు, మధ్యాహ్నం అదే పరీక్షలో ఫెయిల్. నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు మామా, ఒట్టు! రోజుకో తీరు. నాకూ అంతే, ఒక రోజు ఊరంతా ముద్దొస్తుంది, ఒక రోజు ఎవరు కనపడితే వాళ్లను కొరకాలనిపిస్తుంది. నువ్వు ఏమీ అనుకోకు.

ఇట్లు
పిచ్చెక్కిన శ్రావణి

—

తండా
2025 జూన్ 2

శ్రావణమ్మకు,

నువ్వు ఏమీ అనుకోవద్దంటే ఎట్లా అనుకోకుండా ఉంటాను? సోమవారం ముందు, మంగళవారం నడుమ, బుధవారం తోక. నీ తిక్క రోజుకోతీరు అని నువ్వే రాసినవు, ఇక్కడ దాని దెబ్బ తింటున్నది నేను.

నోరు విప్పనన్నాను గాని విప్పినాను. మొన్న మళ్లా ఆఖరుకు పడినప్పుడు కడుపు మండి ముఖ్తార్‌తోని అనేసినాను, "ఇది మిషన్ పని కాదు, నా కోడలు పని. ఆమె మనసు బాగుంటే నేను ముందు, లేకుంటే వెనక" అని. మైకు బందు పెట్టలేదు ముఖ్తార్. అంతా విన్నారు.

ఇగ చూడు నా గతి! పొద్దున పోతే చాలు, ముఖ్తార్ "ఏం పెద్దమనిషీ, మీ కోడలు ఇయ్యాల గుస్సల ఉన్నదా, ఖుషీల ఉన్నదా?" అని మైకులోనే అడుగుతున్నడు. లైన్ల ఉన్నోళ్లంతా నీకు పంపమని నాకు సామాన్లు ఇస్తున్నారు. లైన్ల ఎప్పుడూ వెనకనే ఉండే బొజ్జయ్య అడవి తేనె సీస ఇచ్చిండు. ఒకాయన చింతపండు. ఒకాయన బతికున్న కోడి. అవన్నీ నేనే బస్సెక్కించినాను, అంది ఉంటయి.

కానీ శనివారం జరిగినది నేను మరిచిపోను. బొజ్జయ్య పేరు మొదట వచ్చినది! వానికి పుట్టి బుద్ధెరిగినంక మొదటి పిలుపు అదే. టెంకాయ తెచ్చుకోలేదని నా టెంకాయ అడిగిండు. నా టెంకాయతోని వాడు బోణీ కొట్టి, కండ్లల్ల నీళ్లు పెట్టుకుని "మీ కోడలు దేవత" అన్నడు. తేనెకు పడిపోయినవా బిడ్డా? నీకు మామ నేనా, బొజ్జయ్యనా?

రెండేళ్లు నన్ను ముందు పిలిపించినదానివి, ఇప్పుడు ఎందుకు వెనకేసినవ్? తిప్పకుండ చెప్పు. ఉత్తరంలోనే చెప్పు.

ఇట్లు
మాజీ బోణీ మామ

—

ఖమ్మం
2025 జూన్ 9

అయ్యో నా పిచ్చి మామా!

నీ ఉత్తరం చదివి మంచం మీద నుంచి దొర్లి కిందపడ్డాను. కోడి భయపడి కిటికీలోంచి దూకింది. షరీఫా ఆంటీ వీధి చివరి దాకా పరుగెత్తి పట్టుకొచ్చింది.

నేను చాటుగా చేసేది నీ ఫోన్ రీఛార్జ్ మామా! సోమవారం మర్చిపోయింది అదే, బుధవారం చేసిందీ అదే! పనిలో పడి నీ ఉత్తరం హడావిడిగా చదివాను, నువ్వనేది మైకు పిలుపుల సంగతని నాకు తట్టనే లేదు!

ఇంకో సంగతి. మొన్ననే దయ్యం దొరికింది, దొరికినప్పటి నుంచి నవ్వుతూనే ఉన్నాను, విను. గేటు తెరిచేలోగా వచ్చిన బండ్ల పేర్లన్నీ నా ప్రోగ్రాం ఒక సంచిలో వేసి, ఒక్కొక్కటే తీస్తుంది. సంచిలోంచి ఏ పేరు ముందు రావాలో నేను చెప్పనే లేదు! రాయాల్సింది మర్చిపోయాను. పేర్లు ఏ అరలో పడాలో ఆ ఇంటివాళ్లే నిర్ణయిస్తారు, ప్రతి పేరుకూ ఒక అంకె కట్టి. జావా ఇంట్లో తుల్సీరాం అన్న పేరుకు కట్టే అంకె ఎప్పటికీ ఒకటే, అది పడేది ఎప్పటికీ మొదటి అరలోనే. అందుకే నువ్వు రోజూ ముందు! డాట్‌నెట్ ఇంట్లో మిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ అంకెలు మారిపోతాయి, దొంగలు కనిపెట్టకుండా కావాలనే అట్లా పెట్టారు. అందుకే రోజుకో వరస, అందుకే నా పరీక్షలు రోజుకో తీరు!

చూశావా ఎంత అందమైన తప్పో! రెండేళ్లు ఎవరూ పట్టుకోలేదు. ఇల్లు మారకపోతే ఎప్పటికీ బయటపడేది కాదు. పద్మావతమ్మ గారికి చెప్పి, ఎవరు ముందొస్తే వాళ్లు ముందు అని రాసేశాను. ఇక ఏ గొడవా లేదు. మనవాడు ఆ ఇంట్లోనే ఉండొచ్చని ఆమె ఒప్పేసుకున్నారు! గెలిచాను మామా!

నిన్ను ముందు పెట్టిందీ నేను కాదు, వెనకేసిందీ నేను కాదు. తేనె మాత్రం తినేశాను.

ఇట్లు
గెలిచిన నీ శ్రావణి

—

తండా
2025 జూన్ 17

శ్రావణి గారికి,

మీ ఉత్తరం అందినది. భాష కొత్త ఇంట్ల కుదురుకున్నందుకు సంతోషం.

సోమ్లి "అట్ల గారు పెట్టి రాయకు, పిల్ల ఏడుస్తది" అంటున్నది. సరే, బిడ్డా అనే రాస్తాను.

బిడ్డా, నీ తప్పు ఏమీ లేదు. ముందొచ్చినోడు ముందు, అదే న్యాయం. నేనూ పోస్టాఫీసుల అట్లనే నడిపినాను. కానీ నా సంగతి కూడా చెప్పనీ. రెండేళ్లు పొద్దున మైకుల నా పేరు పిలిస్తే, ఖమ్మంల కూసున్న నా కోడలు "మామా, లేచినవా?" అని అడిగినట్టే అనుకున్నాను. దానికోసమే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని పోయేటోణ్ని. టెంకాయ సంగతి, బోణీ సంగతి తర్వాత. ఆ పిలుపు కోసం పోయేటోణ్ని. ఇప్పుడు అది అంకె అంటున్నవ్. నీకు అందమైన తప్పు. నాకు మాత్రం రెండేళ్ల పొద్దులు పోయినయి.

నిన్న ఆలస్యంగా పోయి లైన్ల నిలబడ్డాను. బొజ్జయ్య తన ముందు నిలబడమన్నడు, నేను పోలేదు. వాడు నా టెంకాయ వాపసు ఇచ్చిండు, తీసుకోలేదు.

ఒక్కటే అడుగుతాను. ఇంత పని చేసినవ్, ఇన్ని బ్రాకెట్లు రాసినవ్. అందుల ఎక్కడన్న, ఒక్కసారన్న, నేను నీకు యాదికొచ్చిననా? రాకుంటే రాలేదని రాయి, ఏమీ అనుకోను.

ఇట్లు
తుల్సీరాం

—

ఖమ్మం
2025 జూన్ 23

మామా,

నీ ఉత్తరం చదివి నిజంగానే ఏడ్చాను. అత్త మాట తప్పదు. నా గెలుపు మత్తులో నీ మనసు చూడలేదు. బుద్ధి తక్కువదాన్ని, తిట్టు.

యాదికొచ్చావా అని అడిగావు. ఎవరికీ చెప్పనిది ఒకటి ఉంది, చెప్తాను.

ఒక భాషను కొత్త ఇంట్లో దింపినప్పుడు అది బతికిందో లేదో చూడాలంటే ముందు దానితో ఒక్క మాట పలికించాలి. పాతిక రకాల ముక్కలు కుదిరితే తప్ప ఆ ఒక్క మాట బయటికి రాదు. ఏప్రిల్ నెలంతా నాకు తెర మీద తిట్లు తప్ప ఏమీ రాలేదు. రోజూ ఆ మాటే కొట్టేదాన్ని, రోజూ పలికేది కాదు. ఒక మధ్యాహ్నం, అన్నం పళ్లెం పక్కన పెట్టుకుని, ఆశ వదులుకుని మళ్లీ ఒకసారి నొక్కాను. తెర మీద తెలుగులో వచ్చింది. "తుల్సీరాం మామ."

కొత్త ఇంట్లో ఆ భాష పలికిన మొదటి మాట అదే మామా. లోకమంతా ఇట్లాంటప్పుడు లోకానికి నమస్కారం అని పలికిస్తారు. నా వేళ్లకు మాత్రం నీ పేరే వచ్చింది. ఎందుకు అని అప్పుడు ఆలోచించలేదు. మనింట్లో మేనమామ వచ్చి నిలబడకుండా ఏ శుభకార్యం మొదలైంది కనుక!

అది ఇంకా అక్కడే ఉంది. ఈ భాషను ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చని నెట్‌లో పెట్టాను. ఎవరు ఏ దేశంలో దించుకున్నా మొదటి పరీక్ష అదే. నీ పేరు సరిగ్గా పలికితేనే భాష బతికినట్టు, లేకపోతే అక్కడితో ఆగిపోతుంది. మొన్న ఫిన్లాండ్ నుంచి ఒకాయన రాశాడు, "అన్నీ బాగున్నాయి, నా మిషన్‌లో తుల్సీరాం మామ పలికాడు. ఇంతకీ ఎవరీయన?" అని. నేనింకా జవాబు రాయలేదు. నిన్ను అడగకుండా ఏం రాయను?

ఆదివారం వస్తున్నా. కోడిని కూడా తెస్తున్నా, షరీఫా ఆంటీ దానికి పేరు పెట్టేసింది, కోయడానికి వీల్లేదట.

ఇట్లు
నీ శ్రావణి

—

తండా
2025 జూన్ 27

బిడ్డా! కోడలా! నా బంగారమా!

ఆదివారం నువ్వు వచ్చేలోగా ఇది అందుతదో లేదో తెలియదు, అయినా రాయకుండ ఉండలేను. స్పీడ్ పోస్టు చేస్తున్నాను.

నీ ఉత్తరం నిన్న పొద్దున మిల్లు లైన్ల ఉండంగ అందినది. కొత్త పోస్టుమ్యాన్‌ను దారిల ఆపి తీసుకున్నాను. ట్రాక్టర్ మీదనే విప్పి చదివినాను. చదివి బొజ్జయ్యకు వినిపించినాను. వాడు "ఫిన్లాండ్ అంటే యాడ, భద్రాచలం అవతలనా?" అన్నడు. "ఇంకా అవతల" అన్నాను. మళ్లా మొదటి నుంచి చదివినాను. వెనక బండోళ్లు దిగి వచ్చిండ్రు, వాళ్ల కోసం ఇంకోసారి. ఆ మధ్యాహ్నం ముచ్చట కాడ కాయితం బొజ్జయ్య చేతిల పెట్టినాను, మిగిలినది వాడు పూర్తి చేసిండు. వానికి చదువు సరిగ్గ రాదు, అయినా నా పేరు మాత్రం తప్పు పోలేదు.

ఆ ఫిన్లాండ్ ఆయన అడ్రసు తీసుకుని రా. ఎవరీయన అని అడిగినోనికి నేనే జవాబు రాయాలె, అది మర్యాద. ఏ భాషల రాయాల్నో నువ్వు చెప్పు. బ్రాకెట్లు పెట్టాల్నంటే పెడత.

సోమ్లి ఇంటి ముందు ముగ్గు వేసి, మళ్లా తుడిచి, ఇంకా పెద్దది వేస్తున్నది. నాటుకోడి ఆలోచన మానుకున్నాము, నీ కోడి ముందు బాగుండదు.

ఒక్కటి మాత్రం నీకే చెప్తాను. నిన్న నేను వరసల మూడోవాణ్ని. ముఖ్తార్ నా పేరు మైకుల మూడుసార్లు పిలిచిండట, లైనంత చూసిండ్రట, నాకు వినపడలేదు. అందరూ ఎవరి బండి కాడికి వాళ్లు పోయినంక ఒక్కణ్నే మళ్లా నీ ఉత్తరం చదువుకుంటున్నాను. నా వంతు పోయినది. ట్రాక్టర్ తిప్పుకుని పోయి, ఈల వేసుకుంటూ అందరి వెనక నిలబడ్డాను.

ఇట్లు
నీ మామ